నన్ను ఉడకబెట్టిన పరబ్రహ్మం గారు

నేను ఒక సాక్సఫోను మౌత్‌పీసుని. చూపుడువేలంత పొడవు, దానికి రెండింతల లావు. పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోటు వేసుకున్న పెద్దాయన ఒకడు, ఏనుగు తొండంలా కిందికి దిగి పైకి తిరిగిన ఇత్తడి వాయిద్యం మెడకి తగిలించుకుని వాయిస్తాడు చూడండి, అదీ సాక్సఫోను. దాని కొసన ఆయన పళ్ళ మధ్య ఇరుక్కుని ఉండే నల్లముక్కని నేను. ఫొటోల్లో ఇత్తడే మెరుస్తుంది, నన్నెవరూ చూడరు. కానీ మనిషి ఊపిరి మొదట తగిలేది నాకే. అది పాటగా మారేదీ నా దగ్గరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. పాత సైకిళ్ళు, చిల్లుకాణీలు తమ కథ చెప్పుకునేటప్పుడు చివర్లో అందరినీ క్షమించేసి కళ్ళు మూసుకుంటాయి. పెద్దమనసు వాటిది. నాకంత మనసు లేదు. నేను పగ పట్టిన వస్తువుని. ఎవరిమీద, ఎందుకు, ఆ పగ ఎంతవరకు తీరింది అన్నది చెబుతాను. విన్నాక తప్పు ఎవరిదో మీరే అనుకోండి.

నన్ను చేసినాయన పేరు పైడిరాజు. ఊరు విజయనగరం. వయసులో ఉండగా రాజమండ్రి వెళ్ళి, ఎబొనైటు కడ్డీలు తరిగి సిరాపెన్నులు చేసే దుకాణంలో పన్నెండేళ్ళు పనిచేశాడు. ఎబొనైటంటే మరేం లేదు, రబ్బరూ గంధకమూ కలిపి గట్టిపరచిన సరుకు. రీఫిల్ పెన్నులొచ్చి సిరాపెన్నుల గిరాకీ పడిపోయాక, లావుపాటి కడ్డీలు ఒక కట్ట తెచ్చుకుని ఇంటికొచ్చేశాడు. వీధి వసారాలో చిన్న లేత్ మెషీను పెట్టుకుని మంచంకోళ్ళు, బొంగరాలు, ఏదొస్తే అది తరుగుతూ కూర్చున్నాడు.

అక్కడికి ఒకరోజు తవిటయ్య వచ్చాడు. పెళ్ళిబ్యాండులో సాక్సఫోను వాయించే మనిషి. ఊరేగింపులో ఎవరో తోసేస్తే మౌత్‌పీసు కిందపడి చీలిపోయింది. ఆ రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇలాటిది సేయగలవేటి మావా?"

పైడిరాజు ముక్కలు చూడలేదు. తవిటయ్య మొహం చూశాడు. "కూకో. మా ఇంట్లో బోజనం సెయ్యి."

"తిండికి రాలేదు మావా."

"తెలుసులే. నువ్వు నమిలినప్పుడు సూడాలి నాను. నీ నోరెలాగున్నాదో తెలీకుండా నోట్లోకి ఏటి సేస్తాను?"

అలా చూశాడు. తవిటయ్యకి ముందుపన్ను సగం విరిగి ఉంటుంది. దవడ కాస్త ఎడమకి ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకి సరిపోయేలా నా ఎడమ అంచుని వెంట్రుకవాసి తగ్గించాడు. ఊపిరి తగిలి అదిరే రెల్లుబద్దని రీడు అంటారు, అది ఆనే చదునుభాగాన్ని అద్దం పలకమీద గరుకుకాగితం పరిచి రుద్దాడు. సిగరెట్టు పెట్టెలో ఉండే పల్చటి కాగితాన్ని రీడుకీ నాకూ మధ్య దూర్చి, ఎక్కడ ఆగుతుందో చూసుకుని మళ్ళీ రుద్దాడు. పదకొండు రోజులు పట్టింది. చివర్న సూదిని ఎర్రగా కాల్చి నా కడుపు కింద మూడు చుక్కలు పెట్టాడు.

"పేరు సెక్కొచ్చు గదా మావా?" అన్నాడు తవిటయ్య.

"పేరు అరిగిపోద్ది. సుక్క అరగదు. ఇదిగో ఒక్కమాట. కడిగితే సన్నీళ్ళే. వేన్నీళ్ళు తగిలితే దీని పని అయిపోనాదన్నమాటే. లోపలున్న గంధకం బయటికొచ్చేస్తాది."

ముప్ఫై ఎనిమిదేళ్ళు తవిటయ్య నోట్లో బతికాను. ఆయన పళ్ళు ఆనిన చోట నా వీపుమీద రెండు గుంటలు పడ్డాయి. ఒకటి లోతు, విరిగిన పంటిది సగం లోతు. వైశాఖం ఎండల్లో ఎర్రకోటు లోపల ఆయన ఉడికిపోతూ వాయిస్తుంటే, ఆయన చెమట ఉప్పు నాకు తెలిసేది. ఇంటికొచ్చి కుండలో చన్నీళ్ళతో కడిగి, భార్య ఎర్రయ్యమ్మ పాతచీర ముక్కతో తుడిచి, అదే ముక్కలో చుట్టి దాచేవాడు. ఎర్రయ్యమ్మ ఊరుకునేది కాదు.

"నన్ను ముద్దెట్టుకున్న రోజులు ఏలిమీద లెక్కెట్టొచ్చు. దాన్ని మాత్రం వొదల్డు."

"అది తిరిగి మాటాడదే," అనేవాడు ఆయన.

ఇక్కడ ఎంగిలి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా పగ మీకర్థం కాదు. బ్యాండువాళ్ళలో ఒకరి మౌత్‌పీసు ఇంకొకరు నోట్లో పెట్టుకోరు. అన్నదమ్ములైనా సరే. చుట్ట పంచుకుంటారు, దుప్పటి పంచుకుంటారు, ఇది మాత్రం పంచుకోరు. ఎవరి ఎంగిలి వారిది. అది వాళ్ళ మర్యాద. ఇక వాళ్ళని పిలిపించుకునే ఇళ్ళలో ఎంగిలి వేరే రకం. మూడు మైళ్ళు వాయిస్తూ నడిచొచ్చినవాడు మంచినీళ్ళడిగితే, గ్లాసు ఇవ్వకుండా చెంబెత్తి దోసిట్లో పోసే ఇళ్ళు నేను చాలా చూశాను. తవిటయ్య తాగేవాడు, నోరు తుడుచుకునేవాడు, మళ్ళీ నన్ను పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. ఆ తర్వాత వాయించే పాటలో కోపం ఉండేది కాదు. ఎలా ఉండేది కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన మింగేసిన కోపం అంతా నాలోకి దిగి నిలవ ఉందేమో.

పైడిరాజు పోయాడు. జీవితంలో నాలాంటివి ఇరవైకి మించి చేయలేదు. పోయిన పదేళ్ళకి, సినిమా రికార్డింగుల్లో వాయించే ఒకాయన ఫోనులో చూసే ఏదో వీడియోలో అన్నాడట, "నా సాక్సు గొప్పదేం కాదు, నా దగ్గర విజయనగరం మూడు చుక్కల మౌత్‌పీసు ఉంది, గొప్ప దానిది" అని. అంతే. బతికుండగా మంచంకోళ్ళు తరిగిన మనిషి చనిపోయాక మహాశిల్పి అయిపోయాడు. మూడు చుక్కల కోసం వేట మొదలైంది. ఫోనుల్లో గ్రూపులు పెట్టుకున్నారు. ఫొటోలు పెడతారు, వాటి కింద బేరాలు. ఒకడు "రేర్ పీస్" అంటాడు, ఇంకొకడు "సింగిల్ ఓనర్" అంటాడు, కార్లకన్నట్టు. కొత్త సాక్సఫోనుకి పెట్టేదానికంటే ఎక్కువ పెట్టి నాలాంటి పాతముక్కని కొంటారు.

మనుషుల తమాషా చూడండి. పెళ్ళాం తాగిన గ్లాసులో తాగనివాళ్ళు కూడా, ముప్ఫై ఏళ్ళు ఎవడి నోట్లోనో నానిన మౌత్‌పీసుని కొరియర్లో తెప్పించుకుని నోట్లో పెట్టుకుంటారు. ఖరీదు పెరిగేకొద్దీ ఎంగిలి తగ్గుతుంది కాబోలు.

పరబ్రహ్మం గారు ఆ గ్రూపులో పెద్దమనిషి. విశాఖలో ఉంటారు. రిటైరైన ఇంజనీరు. సాక్సఫోను మీద కీర్తనలు వాయిస్తారు, సభల్లో సన్మానాలు చేయించుకుంటారు, పాత మౌత్‌పీసులు కొని అమ్ముతారు. ఇంట్లో మడి ఆచారం గట్టిగా సాగుతుంది. ఆయన ఒకనాడు తవిటయ్య ఇంటికి వచ్చారు.

ఎర్రయ్యమ్మ కాఫీ తెచ్చింది. "షుగరమ్మా," అన్నారు. చక్కెర లేకుండా మళ్ళీ కలిపి తెచ్చింది. "డాక్టరు కాఫీయే వద్దన్నాడు," అన్నారు. మంచినీళ్ళు తెచ్చింది. కారులో సీసా ఉందన్నారు. ఆమెకి అర్థమైంది. కొంగు దోపుకుని గుమ్మంలో కూర్చుంది.

"తవిటయ్యా, నేను పైడిరాజు మీద పుస్తకం రాస్తున్నాను," అన్నారు పరబ్రహ్మం. "ఆయన చేతిపని అంతా కొలతలతో సహా ఎక్కించాలి. నీది ఒక్క పదిరోజులు ఇస్తే కొలతలు తీసుకుని పంపించేస్తాను."

"నా నోట్లోది ఎలాగిచ్చేస్తాను బాబూ? ఈ పది రోజులూ ఏటి వాయించాలి?"

"ఇప్పుడు మూఢం కదయ్యా, పెళ్ళిళ్ళెక్కడున్నాయి? ఆ మహానుభావుడి పేరు నిలబడే పని. నువ్వు అడ్డం పడతావా?"

డబ్బు చూపించి ఉంటే తవిటయ్య ఇచ్చేవాడు కాదు. పైడిరాజు పేరు చూపించారు. తవిటయ్య నన్ను చీరముక్కతో సహా చాపాడు. పరబ్రహ్మం గారు జేబురుమాలు తీసి, రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తారు. చీరముక్కని అక్కడే వదిలేశారు.

పదిరోజులకి తవిటయ్య ఇంటికి ఒక వెల్వెట్ పెట్టె వెళ్ళింది. అందులో నేను లేను. నా కొలతలతో ఎక్కడో మెషీను మీద తీయించిన కొత్త ముక్క ఉంది, కడుపు కింద మూడు చుక్కలు పొడిచి. నేను పరబ్రహ్మం గారి అద్దాల బీరువాలో ఉన్నాను.

మర్నాడే తవిటయ్య విశాఖ వచ్చాడు. గేటు దగ్గర మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇది నాది కాదు బాబూ. ఊదగానే తెలిసిపోనాది."

"నువ్విచ్చిందే తుడిచి, శుభ్రం చేసి పంపాను. కొత్తగా కనిపిస్తోందంటే అది నా తప్పా?"

"నా పంటి గుంటలు ఏవి మరి?"

"గుంటలూ లేవు, గోతులూ లేవు. వయసైపోయింది తవిటయ్యా. పళ్ళు కదిలి, ఊపిరి చాలక, వస్తువుని అంటావేంటి? మర్యాదగా వెళ్ళు."

అక్కడితో ఆగి ఉంటే నా పగ కూడా కాస్త చిన్నదై ఉండేది. ఆయన లోపలికొచ్చి, నా బీరువా పక్కనే నిలబడి, తవిటయ్య బ్యాండు మాస్టరుకి ఫోను చేశారు. "ఏమయ్యా, మీ పెద్దాయనకి ఊపిరి పోయింది. స్వరం నిలవడం లేదు. సిగ్గుపడి, నేను మౌత్‌పీసు మార్చానని నిందలేస్తున్నాడు. పెళ్ళివారి ముందు నీ బ్యాండు పరువు పోతుంది, చూసుకో." మాస్టరు ఆ మాట నమ్మాడు. ఇంజనీరు గారు, సన్మానాలు జరిగినాయన, అబద్ధమెందుకు చెబుతారు? ముప్ఫై ఎనిమిదేళ్ళు ముందువరసలో నడిచిన తవిటయ్యని డ్రమ్ముల వెనక్కి పంపించాడు. శ్రావణం లగ్గాలకి అసలు పిలుస్తాడో లేదో కూడా చెప్పలేదట.

వస్తువు పోతే ఇంకోటి వస్తుంది. "తవిటయ్యకి ఊపిరి పోయింది" అన్న మాట మాత్రం ఒకసారి బయల్దేరితే దాన్ని వెనక్కి పిలిచేదెవరు? ఊపిరితో బతికేవాడికి అంతకంటే ఏం పోవాలి? ఆ ఫోను విన్న క్షణంలో నేను పగ పట్టాను. కాళ్ళూ చేతులూ లేని వస్తువు పగపట్టి ఏం చేస్తుందని మీరు నవ్వొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ పరబ్రహ్మం గారే దారి చూపించారు.

నన్ను అమ్మే ముందు సభలో ఒకసారి తనే వాయించి వినిపించాలని ఆయన ఆశ. వాయించాలంటే నోట్లో పెట్టుకోవాలి. అక్కడొచ్చింది చిక్కు. గ్రూపులో మిగతావాళ్ళలా దులుపుకుని పెట్టుకునే మనిషి కాదాయన. తవిటయ్య మొహం తెలుసు, ఇల్లు తెలుసు, కాఫీ తాగని గుమ్మం తెలుసు. నన్ను మూతిదాకా తెచ్చేవారు, ఆగేవారు, కిందపెట్టేవారు. వారం రోజులు ఇదే పని.

"ఏమండీ, అంత అసహ్యమైతే దాన్ని వదిలెయ్యరాదూ," అంది ఆయన భార్య కామేశ్వరమ్మ.

"నీకు తెలీదే. శుద్ధి చేస్తే వస్తువుకి దోషం ఉండదు."

మొదటిరోజు పసుపునీళ్ళు. రెండోరోజు చింతపండు రసం, ఇత్తడి చెంబుల్ని తోమినట్టు తోమారు. మూడోరోజు పురోహితుడు వచ్చి నాలుగు మంత్రాలు చదివి మామిడాకుతో నీళ్ళు చల్లి వెళ్ళాడు. అయినా ఆయన మనసు ఒప్పలేదు. నాలుగోరోజు స్టవ్ మీద నీళ్ళు పెట్టి, సలసల కాగనిచ్చి, నన్ను అందులో వేసి, మూత పెట్టారు. ఇంజనీరు. నలభై ఏళ్ళు పెద్ద పెద్ద యంత్రాలు చూసిన మనిషి. పెన్నులు తరిగే పైడిరాజుకి తెలిసిన సంగతి ఆయనకి తెలియలేదు.

ఆ గిన్నెలో నాకేం జరిగిందో నెమ్మదిగా చెబుతాను. ఎబొనైటుకి జ్ఞాపకం ఉంటుంది. కొరికినచోట నొక్కుకుపోయినది వేడి తగిలితే పొంగి, తన మొదటి ఆకారానికి తిరిగొచ్చేస్తుంది. నా వీపుమీది రెండు గుంటలూ పైకి లేచాయి. ముందు చిన్నది, ఆ తర్వాత పెద్దది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తవిటయ్య పదినిమిషాల్లో నా ఒంటిమీంచి చెరిగిపోయాడు. నేను ఆయనదాన్నని చూపించే సాక్ష్యం నాకున్నది అదొక్కటే. పైడిరాజు పదకొండు రోజులు రుద్దిన అంచులు మెత్తబడి మెలి తిరిగాయి. ఒంటి నలుపు విరిగి, వానాకాలం గోడమీది పాచిరంగు వచ్చింది. పైడిరాజు చెప్పినట్టే గంధకం బయటికొచ్చింది. ఇల్లంతా కుళ్ళిన గుడ్ల కంపు. మడి ఇల్లు. గుడ్ల కంపు.

కామేశ్వరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏం వండుతున్నారండీ?"

ఆయన కంగారుపడి నన్ను తీసి చూశారు. పాచిరంగు. గుంటలు పోయినందుకు సంతోషించారు, రంగుకి భయపడ్డారు. చివరికి నల్ల బూటుపాలిష్ తెచ్చి, గుడ్డతో రెండు పూతలు వేసి, మెరిసేదాకా రుద్దారు. ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. "విజయనగరం మూడు చుక్కలు. ఒక జమీందారు కుటుంబం నుంచి. నలభై ఏళ్ళుగా పెట్టెలోనే ఉంది. ఎవరూ నోట పెట్టనిది."

దానికోసం గుంటూరు నుంచి ప్రసన్నకుమారి అనే ఆవిడ బయల్దేరింది. చర్చి బృందంలో సాక్సఫోను వాయిస్తుంది, పిల్లలకి నేర్పుతుంది, గ్రూపులో ఆవిడ మాటకి విలువ ఉంది. ఆదివారం పొద్దున్న విశాఖలో ఒక వాయిద్యాల షాపు మేడమీద అందరూ కలిసి విని, నచ్చితే కొంటానంది. మూడు చుక్కలవి ఎవరి దగ్గరున్నా పోల్చి చూసుకోవడానికి పట్టుకురమ్మని కూడా రాసింది. ఆ రాత బ్యాండులో క్లారినెట్ వాయించేవాడి ఫోనులోంచి తవిటయ్య ఇంటికి చేరింది.

మేడమీద పదిహేనుమంది దాకా ఉన్నారు. పరబ్రహ్మం గారు పట్టుపంచె కట్టుకొచ్చారు. నన్ను సాక్సఫోనుకి బిగించి, కళ్ళు మూసుకుని, మొదటిసారి నోట్లో పెట్టుకున్నారు. అప్పుడే గుమ్మంలో తవిటయ్య, ఆయన వెనక గుడ్డసంచీతో ఎర్రయ్యమ్మ కనిపించారు. కళ్ళు మూసుకున్నాయన చూడలేదు. నేను చూశాను.

ఊదారు. నా అంచులు మెలి తిరిగి ఉన్నాయి కదా, రీడు ఒకవైపు ఆనదు. బాతు అరిచినట్టు అరిచాను. గట్టిగా ఊదారు. ఊపిరి వేడికి గంధకం లేచింది, పాలిష్ కరిగింది. ముందువరసలో ఒకాయన జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. రెండోవరసలో ఎవరో నెమ్మదిగా, "ఎవరండీ బాబూ," అన్నారు. పరబ్రహ్మం గారు వాయించడం ఆపి చిరునవ్వు నవ్వారు. పెదాలు నలుపు. పళ్ళు నలుపు. గడ్డంమీదికి నల్లటి చార ఒకటి దిగుతోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే ఊపిరి పీల్చాలి, పీలిస్తే వాసన.

"రీడు పాడైనట్టుంది," అన్నారాయన.

ప్రసన్నకుమారి మంచిమనిషి. "ఉండనివ్వండి సార్. వేరేవాళ్ళు వాయిస్తే నేను ఎదురుగా కూర్చుని వింటాను. ఇక్కడ అలవాటున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?"

తవిటయ్య ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "ఒక్కసారి నానూదుతాను తల్లీ."

పరబ్రహ్మం గారు కళ్ళు పెద్దవి చేసి, నన్ను గుండెకి అదుముకున్నారు. ఆ క్షణంలో ఆయన అబద్ధం మర్చిపోయారు, అమ్మకం మర్చిపోయారు. ఆయనలో మిగిలింది ఒక్క అసహ్యమే. అదే మాట్లాడింది.

"ఇతనికా? వద్దమ్మా. ఇతని ఎంగిలి వదలగొట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పసుపు, చింతపండు, పుణ్యాహవాచనం, కాగే నీళ్ళు. మళ్ళీ ఇతని నోట్లో పెట్టి నేనెక్కడ చచ్చేది?"

ప్రసన్నకుమారి ఫోను తీసి ఆ ఫొటో కింద రాసింది మళ్ళీ చూసుకుంది.

"ఎవరూ నోట పెట్టనిదన్నారు కదండీ," అంది ప్రసన్నకుమారి.

ఎర్రయ్యమ్మ అప్పటిదాకా గోడకానుకుని ఉంది. అక్కడినుంచి కదలకుండానే అడిగింది. "ఎవరి ఎంగిలి బాబూ? ఇంకోపాలి సెప్పండి. మా బ్యాండు మాస్టరు కూడా వచ్చినాడు, ఇనాల."

మెట్లమీద నిలబడ్డ బ్యాండు మాస్టరు తలొంచుకుని లోపలికొచ్చాడు. పరబ్రహ్మం గారు ఏదో చెప్పబోయారు. "అంటే, ఏ పాత వస్తువైనా ఎవరో ఒకరి..." నోరు తెరిచినప్పుడల్లా లోపలి నలుపు కనిపిస్తోంది. ఎవరూ మాట పూర్తిచేయనివ్వలేదు. ప్రసన్నకుమారి ఆయన చేతుల్లోంచి సాక్సఫోను తీసుకుని, నన్ను ఊడదీసి, తవిటయ్య అరచేతిలో పెట్టింది.

నేను ఆయన చేతికొచ్చాను. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ చేతికి నేను తెలియలేదు. ఒక్క క్షణం అలా అనిపించింది. తర్వాత నన్ను వెలుతురుకెత్తి, పైడిరాజు చూసినట్టే ఒక కన్ను మూసి అంచులవెంట చూశాడు. బొటనవేలితో నా వీపు తడిమాడు. గుంటలుండేచోట ఆగాడు.

"ఉడకేసేసినారు," అన్నాడు. "సచ్చిపోనాది తల్లీ ఇది."

"అయ్యో. తవిటయ్య గారంటే మీరేనా? మరి మీ ఊపిరి మాటో?" అంది ఆవిడ. గ్రూపులో ఆ పుకారు ఆవిడదాకా వచ్చింది. "మీకు వాయించడం కుదరట్లేదని ఎవరో రాశారండీ."

తవిటయ్య నన్ను బల్లమీద పెట్టాడు. ఎర్రయ్యమ్మ సంచీలోంచి ఆ దొంగముక్కని తీసిచ్చింది. ఇన్నాళ్ళూ డ్రమ్ముల వెనక నిలబడి ఆయన దానితోనే కుస్తీ పట్టాడు. దాని మధ్యలో ఒక స్వరం నిలవదు, జారిపోతుంది. మెషీను మీద తీసినదానికి ఆయన దవడ ఎటు ఒరుగుతుందో ఎలా తెలుస్తుంది? ఆయన దాన్నే ప్రసన్నకుమారి చేతిలోని సాక్సఫోనుకి బిగించి ఆనందభైరవి ఎత్తుకున్నాడు, పెళ్ళికూతుర్ని పీటలమీదికి తెచ్చేటప్పుడు వాయించేది. ఆ జారే స్వరం దగ్గరికి రాగానే దాన్ని నిలబెట్టాలని చూడలేదు. జారనిచ్చాడు. జారి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినవాడిలా అక్కడికి వెళ్ళి పట్టుకున్నాడు. వినేవాళ్ళకి అదొక కొత్త గమకంలా ఉంది. చివరి స్వరం ఒక్క ఊపిరిలో అంతసేపు నిలబెట్టాడు, వినేవాళ్ళు తామే ఊపిరి బిగబట్టేశారు.

బ్యాండు మాస్టరు కళ్ళు తుడుచుకుని, "శ్రావణంలో మొదటి లగ్గం పదకొండున మావా. ముందువరస," అన్నాడు.

నేను బల్లమీద పడి ఉన్నాను. నేను లేకుండానే ఆయన అంత బాగా వాయించాడని సంతోషించానా? లేదు. కుళ్ళుకున్నాను. నేనేం దేవుణ్ణి కాదు కదా.

పరబ్రహ్మం గారు మొహం కడుక్కుని వచ్చారు. నలుపు సగమే పోయింది. అందరి ముందూ ఔదార్యం చూపిద్దామనుకున్నారేమో, నన్ను రుమాల్లో పెట్టి చాపారు. "సరేలే తవిటయ్యా. నీ వస్తువు నువ్వు తీసుకుపో. మళ్ళీ ఎవడిచేతనైనా సాపు చేయించుకో."

నా ప్రాణమంతా ఆ చాపిన చేతిలోకి వచ్చింది. తవిటయ్య చేతులు కట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"ఎలాగ తీసుకెల్తాను బాబూ? తమరు నోట్లో ఎట్టీసుకున్నారు గదా. ఒకరి నోట్లోది ఇంకొకరు ముట్టుకోము. మా ఇంట్లో అలవాటు లేదు."

ఎర్రయ్యమ్మ సంచీ భుజాన వేసుకుంటూ, "మంచినీళ్ళు కూడా బస్టాండులో తాగుదాంలే," అంది.

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను పరబ్రహ్మం గారి చేతిలో ఉండిపోయాను.

పరబ్రహ్మం గారిని ఆ గ్రూపులోంచి ఎవరూ తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండేది ఆయనకి. ఏది అమ్మకానికి పెట్టినా కింద ఎవరో ఒకరు అడుగుతారు: "ఇది పచ్చిదా సార్, ఉడికిందా?" పుస్తకం ముందుకు సాగలేదు. సభల్లో సన్మానాలు తగ్గాయి. నన్ను పారెయ్యడానికి ఆయనకి చెయ్యి రాదు. మూడు చుక్కలు కదా, ఎప్పటికైనా ఎవడో తెలియనివాడు కొనకపోతాడా అని ఆశ. అద్దాల బీరువాలో పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు సోఫాలో కూర్చుని అటూ ఇటూ చూసి, వంటింట్లో ఏమైనా పాడైందా అండీ అని అడుగుతారు. కామేశ్వరమ్మ అగరొత్తులు వెలిగిస్తుంది. అగరొత్తి వాసనలో కలిసినప్పుడు నా కంపు ఇంకా బాగా తెలుస్తుంది.

నా గొంతు పోయింది, నా గుంటలు పోయాయి, నా మనిషి నన్ను ముట్టనన్నాడు. అది అన్యాయమని నేను అనను. ఆయన కోపాన్నంతా ముప్ఫై ఎనిమిదేళ్ళు నేనే దాచాను. ఆ ఒక్కరోజు ఆయన తన కోపాన్ని తనే తీసుకుని వాడుకున్నాడు. అందులో నేను కాలిపోయాను. పోనీ.

మొన్న శ్రావణంలో ఈ వీధిలో పెళ్ళి. బ్యాండు ఎదురింటి దగ్గర మలుపు తిరిగింది. డ్రమ్ములకి బీరువా అద్దం దడదడలాడింది. దానిమీదుగా సాక్సఫోను వినిపించింది. ముందువరసలోంచే వస్తోంది ఆ శబ్దం. జారే స్వరం దగ్గరికి వచ్చింది, జారింది, పట్టుకుంది. పెళ్ళివారు ఈలలు వేశారు.

పరబ్రహ్మం గారు పేపరు కిందపెట్టి లేచారు. కిటికీ మూశారు. తలుపు కూడా మూశారు.

మూసిన గదిలో నా వాసన ఇంకా బాగా నిలుస్తుంది.